జాలి ఎత్తితే ఆగవలసిన యంత్రం: బూమ్ పంపు ప్రమాదంలో ఒక పరిహారం కేసు

2022 మార్చిలో కదిరి ప్రాంతానికి చెందిన 30 ఏళ్ల యువకుడు ఒకరు తన అన్నను వెంటబెట్టుకుని బెంగళూరులోని మా న్యాయవాద ఆఫీసుకు వచ్చారు. నాలుగు నెలల కిందట, కాంక్రీటును పై అంతస్తులకు ఎక్కించే బూమ్ పంపు బండి మీద హెల్పరుగా పనిచేస్తూ గాయపడిన ఆయన కుడి చెయ్యిని మోచేతికి పైన తీసివేశారు. అన్న తెచ్చిన ప్లాస్టిక్ కవరులో ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, కొన్ని మందుల బిల్లులు, కన్నడంలో రాసిన ఎఫ్ఐఆర్ నకలు ఉన్నాయి. ఆసుపత్రికి లక్షా పాతిక వేలు కట్టిన బండి యజమాని, ఇకపై ఎలాంటి బాకీ లేదని రాసిన కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయమని రెండుసార్లు కదిరికి మనిషిని పంపాడట. వాళ్లు వేయలేదు. ఒకవేళ వేసి ఉన్నా, 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సెక్షన్ 17 ప్రకారం అలాంటి ఒప్పందం చెల్లేది కాదు. అయినా వేలిముద్ర పడ్డ కాగితం ఒకటి ఎదుటివారి ఫైలులో ఉంటే కేసు ఏడాదైనా వెనక్కి పోతుంది కాబట్టి, వేయకపోవడమే మేలైంది.

లారీ మీద బిగించిన యంత్రాల దగ్గర గాయపడినవారి కేసులు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. బోరు బండ్లు, లారీ క్రేన్లు, ట్రాన్సిట్ మిక్సర్లు, బూమ్ పంపుల దగ్గర జరిగిన ప్రమాదాలవి. వాటన్నిటిలో ఈ కేసును ఎంచుకుని వివరంగా రాయడానికి కారణం, ఇందులో రెండు చిక్కులు ఒకేచోట కనబడ్డాయి. మొదటిది, ఆగినట్టు కనిపించే యంత్రం నిజంగా ఆగిందా అనే ప్రశ్న. రెండోది, ఆ బండి చట్టం దృష్టిలో లారీయా, యంత్రమా అనే ప్రశ్న. బాధితుడి చేతికి డబ్బు అందుతుందా లేదా అన్నది ఈ రెండింటి మీదే తేలింది. కక్షిదారు పేరు, కంపెనీల పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు.

ప్రమాదం 2021 నవంబరులో, సర్జాపుర రోడ్డు వైపు కట్టుబడి జరుగుతున్న ఒక అపార్టుమెంటు సైటులో జరిగింది. ఆ నెలలో బెంగళూరును వానలు వదలలేదు. రెండుసార్లు వాయిదా పడ్డ మూడో అంతస్తు స్లాబును, వాన తెరిపి ఇచ్చిన ఒక రోజు పొద్దున మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగు దాటేసరికి గేటు దగ్గర మూడు ట్రాన్సిట్ మిక్సర్లు వరుసలో నిలబడి ఉన్నాయి. రెడీమిక్స్ కాంక్రీటును ప్లాంటులో నింపిన రెండు గంటల్లోపు దించాలన్నది భారతీయ ప్రమాణాల నియమం. ఆ గడువు దాటితే సరుకును తిరస్కరిస్తారు, ఆ నష్టం ఎవరి మీద పడాలన్న గొడవ వస్తుంది. సరిగ్గా ఆ సమయంలో కాంక్రీటు పైకి వెళ్లే పైపు లైను జామైంది.

బూమ్ పంపు వెనక భాగంలో హాపరు ఉంటుంది. మిక్సరు నుంచి కాంక్రీటు అందులో పడుతుంది. హాపరు మీద ఇనుప జాలి, లోపల కాంక్రీటును కలియబెట్టే రెక్కలు, అడుగున ‘ఎస్’ ఆకారంలో వంగిన ఒక మందపాటి గొట్టం ఉంటాయి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో ఒకటి కాంక్రీటును లాగుతుంటే రెండోది తోస్తుంది. తోసే సిలిండరు మారిన ప్రతిసారీ ఈ ఎస్ వాల్వు కొట్టినట్టుగా అటునుంచి ఇటు తిరిగి దాని నోటికి అతుక్కోవాలి. రెప్పపాటులో అంత బలం కావాలి గనుక, దానికి కావలసిన శక్తిని అక్యుములేటర్ అనే స్టీలు పాత్రలో ముందే దాచి ఉంచుతారు. పాత్ర లోపల ఒకవైపు నైట్రోజన్ వాయువు, మరోవైపు హైడ్రాలిక్ ఆయిల్ ఉంటాయి. పంపు నడుస్తున్నంతసేపూ ఆయిల్ ఆ వాయువును అదుముతూ ఉంటుంది. ఇంజిన్ ఆపినా ఆ ఒత్తిడి పోదు. దాన్ని వేరుగా వదిలించాలి, గేజి ముల్లు సున్నాకు వచ్చిందని కంటితో చూడాలి, ఆ తర్వాతే ఎవరైనా హాపరులో చెయ్యి పెట్టాలి.

మనిషి ఈ క్రమం మరిచిపోయినా ప్రాణం కాపాడేందుకు తయారీదారులు జాలికి ఒక స్విచ్ అమర్చుతారు. జాలి ఎత్తగానే రెక్కలు, పంపు ఆగిపోవాలి, అక్యుములేటర్‌లోని ఒత్తిడి దిగిపోవాలి. మా కక్షిదారు పనిచేసిన బండిలో ఆ స్విచ్‌ను బైండింగ్ వైరుతో బిగించి కట్టేశారు. గడ్డకట్టిన కాంక్రీటును తీయడానికి జాలిని మాటిమాటికీ ఎత్తవలసి వస్తుంది, ఎత్తిన ప్రతిసారీ పంపు ఆగిపోతుంది, పై అంతస్తులో హోస్ పట్టుకున్నవాళ్లు కేకలు వేస్తారు. అందుకే ఎవరో ఆ స్విచ్ నోరు కట్టేశారు. ఎప్పుడు కట్టారో బండిలో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆపరేటర్ మూడో అంతస్తులో, నడుముకు రిమోట్ తగిలించుకుని ఉన్నాడు. అక్కణ్నుంచి హాపరు కనిపించదు. అతను రెండుసార్లు రివర్స్ కొట్టి చూశాడు, లైను వదల్లేదు. కింద ఉన్న మా కక్షిదారు జాలి ఎత్తి చూస్తే, వాల్వు అంచుకు కాంక్రీటు గడ్డ ఒకటి అడ్డుపడి ఉంది. ఆపమని పైకి అరిచారు. తర్వాత జరిగినదాన్ని ఆయన మాటల్లోనే రాసుకున్నాను: “ఆపేసినా అన్నాడు సార్. ఇంజన్ సౌండే లేకుండె. రెక్కలు గూడా తిరగల్యా. అందుకే చెయ్యి పెట్టినా.” గడ్డ ఊడిన మరుక్షణం వాల్వు తిరిగింది. అడ్డు తొలగగానే, దాచి ఉన్న ఒత్తిడి తాను సగంలో ఆపిన పనిని పూర్తి చేసింది.

ఎదుటిపక్షం దగ్గర ఉన్న వాదన అంతా ఈ ఒక్క క్షణం మీదే. యంత్రాన్ని ఆపేశారు, అతనే జాలి ఎత్తాడు, చెయ్యి పెట్టవద్దని చెప్పినా వినలేదు అని కోర్టుకిచ్చిన తమ జవాబులో రాశారు. ఇలాంటి ప్రతి కేసులోనూ దాదాపు ఇవే మాటలు వస్తాయి. వీటిని ఎదుర్కోవడానికి పనికొచ్చేది యంత్రం గురించిన సాక్ష్యమే. మా అదృష్టం కొద్దీ, ఆ సాయంత్రం తోటి హెల్పర్ ఒకరు యజమానికి పంపడానికని హాపరును ఫోనులో ఫొటో తీశారు. రక్తం, పైకెత్తిన జాలి కనబడుతున్న ఆ ఫొటోలో ఒక మూల, స్విచ్ చుట్టూ నాలుగు చుట్లు తిప్పి మెలిపెట్టిన బైండింగ్ వైరు కూడా పడింది. పెద్దది చేసి చూసేదాకా అది నాకూ కనబడలేదు. మరుసటి రోజుకల్లా ఆ వైరు తీసేశారని, పోలీసులు వచ్చేసరికి స్విచ్ సక్రమంగా ఉందని తర్వాత తెలిసింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 65బి కోరిన సర్టిఫికెట్ జతచేసి, ఫొటో తీసిన ఫోనుతో సహా ఆ హెల్పర్‌ను బోనులో నిలబెట్టాం. సొంత ఊళ్లో వేరే పని చూసుకున్న ఆ మనిషి రెండు వాయిదాలకూ సొంత ఖర్చుతో వచ్చారు. ఈ కేసులో అందరికంటే ఎక్కువ రుణపడింది ఆయనకే.

రెండో సాక్షిగా, బూమ్ పంపులు బాగుచేయడంలో చాలా ఏళ్ల అనుభవం ఉన్న ఒక మెకానిక్‌ను పిలిచాం. ఇంజిన్ ఆపితే యంత్రం ఆగినట్టు కాదా అని ఎదుటి న్యాయవాది అడిగినప్పుడు, ఆయన ఇచ్చిన జవాబు తీర్పులో కూడా చోటు చేసుకుంది: “ఇంజిన్ చూసి చెప్పకూడదు సార్, గేజి చూసి చెప్పాలి.” ఆ గేజి ఎక్కడుంటుందని జడ్జి అడిగితే, హాపరు దగ్గర నిలబడ్డ హెల్పర్‌కు కనబడని చోట ఉంటుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు.

ఎఫ్ఐఆర్ విషయంలో మాత్రం మేము చాలా తిప్పలు పడ్డాం. స్టేషనులో ‘కాంక్రీట్ మిషన్‌లో చెయ్యి చిక్కుకుంది’ అని మాత్రమే రాశారు. బండి రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడా లేదు. పోలీసు కేసులయ్యే గాయాలను నమోదు చేసే ఆసుపత్రి ఎంఎల్‌సి రిజిస్టరులోనూ అంతే. బండికి పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ, ఆ ప్రమాదానికీ తాము బీమా చేసిన వాహనానికీ సంబంధం లేదనడానికి ఈ ఒక్క లోపం చాలు. రెడీమిక్స్ ప్లాంటు డెలివరీ చలాన్ల మీద, ఏ పంపుకు సరుకు పోశారన్న గడిలో బండి నంబరు చివరి నాలుగంకెలు రాసి ఉండటం వల్ల గట్టెక్కాం. ప్రమాదం జరిగిన రోజే కుటుంబ సభ్యులెవరైనా స్టేషనుకు వెళ్తే, బండి నంబరు రాయించకుండా కదలవద్దని నేను అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

ఇక లారీయా, యంత్రమా అన్న ప్రశ్న. ఒకే గాయం మోటారు వాహనాల చట్టం కిందికీ, ఉద్యోగుల పరిహార చట్టం కిందికీ వచ్చినప్పుడు, ఏదో ఒకదాని కిందే పరిహారం అడగాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 167 చెబుతుంది. బండి నిలబడి ఉంది కదా, అది వాహనం వాడకం ఎలా అవుతుందని అడిగేవారికి 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. పుణె–బెంగళూరు రహదారి మీద బోల్తాపడిన పెట్రోలు ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలిన ఆ కేసులో, కదలకుండా ఉన్న వాహనమైనా వాడకంలో ఉన్నట్టేనని కోర్టు విశాలంగా అర్థం చెప్పింది. కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి మాకు పూర్తిగా మూసుకుపోలేదు.

లెక్క వేసి చూస్తే ఆ దారి చాలా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మా కక్షిదారుకు నెలకు 18,000 రూపాయలు ముట్టేవి. 30 ఏళ్ల వయసుకు ఏడాది ఆదాయాన్ని హెచ్చించే గుణకం 17. జీతానికి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలిపి, సంపాదన శక్తి నూరు శాతం పోయిందనుకుంటే 51,40,800 రూపాయలు అవుతుంది. ఉద్యోగుల పరిహార చట్టం కింద లెక్క వేరుగా ఉండేది. 2020 జనవరి నుంచి ఆ చట్టం కింద నెల జీతాన్ని ఎంత ఉన్నా 15,000 దగ్గర ఆపేసేవారు. అందులో 60 శాతం అంటే 9,000, దాన్ని 30 ఏళ్ల వయసుకు చట్టంలోని షెడ్యూలు ఇచ్చిన 207.98తో గుణిస్తే 18,71,820. తేడా 32 లక్షలకు పైమాటే. వాళ్ల అన్న ఈ రెండు అంకెలనూ ఒక కాగితం మీద రాయించుకుని చాలాసేపు చూశారు. “పెద్దదే అడుగుదాం సార్” అన్నారు. ఆ మాట అనడం సహజం.

అయినా నేను చిన్న అంకె వైపే నిలబడ్డాను. ఎందుకో చెప్పాలి. ట్రిబ్యునల్‌లో నిర్లక్ష్యం ఎవరిదో రుజువు చేయాలి, చెయ్యి పెట్టినవాడిదీ కొంత తప్పేనంటే ఆ మేరకు కోత పడుతుంది. అంతకంటే పెద్ద అడ్డంకి పాలసీలో ఉంది. క్రేన్లు, బోరు బండ్లు, ఇతర యంత్రాలు మోసే వాహనాల పాలసీలకు ఐఎంటీ 47 అనే ఎండార్స్‌మెంట్‌ను, అంటే అదనపు షరతును, జతచేస్తారు. వాహనాన్ని గానీ, దానికి బిగించిన యంత్రాన్ని గానీ పనిముట్టుగా వాడుతున్నప్పుడు కలిగిన బాధ్యతను, మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన మేరకు తప్ప, తాము మోయబోమని దాని సారాంశం. ఆ తప్పనిసరి అయినా ఉద్యోగి విషయంలో పరిమితమే. ప్రమాద కాలానికి అమలులో ఉన్న సెక్షన్ 147 ప్రకారం, బండి నడిపే ఉద్యోగికీ, సరుకు బండిలో ప్రయాణిస్తున్న ఉద్యోగికీ మాత్రమే, అదీ ఉద్యోగుల పరిహార చట్టం మొత్తం వరకే ఇన్సూరెన్స్ ఉండాలి. హాపరు దగ్గర నేల మీద నిలబడ్డ హెల్పర్ ఈ రెండింటిలోనూ లేడు. అంటే ట్రిబ్యునల్‌లో 51 లక్షలకు డిక్రీ వచ్చినా, రెండే బండ్లు, రెండింటి మీదా ఫైనాన్సు ఉన్న యజమాని నుంచి దాన్ని రాబట్టుకోవాలి. చేతికి రాని 51 లక్షల కంటే చేతికొచ్చే 18 లక్షలు మేలని వాళ్లకు చెప్పాను. ఈ నిర్ణయం భారం నాకు ఇప్పటికీ తెలుసు. మరో న్యాయవాది మరోలా ఆలోచించవచ్చు.

చిన్న దారిలోనైనా ఇన్సూరెన్స్ కంపెనీని నిలబెట్టే ఆధారం కావాలి. పాలసీ ప్రీమియం పట్టికలో చిన్న అక్షరాలతో ఉన్న ఒక వరుసలో అది దొరికింది: డ్రైవరు, క్లీనరు పట్ల చట్టబద్ధ బాధ్యత, ఇద్దరికి, 100 రూపాయలు. ఆ అదనపు ప్రీమియం కట్టించుకున్నాక, సెక్షన్ 147 పరిధి ఎంత అన్న చర్చతో పని లేదని, అది చట్టం కోరినదానికి మించి యజమానికీ కంపెనీకీ మధ్య కుదిరిన ఒప్పందమని వాదించాం. పంపు మీద హెల్పరుగా ఉన్నవాడే బండి కడిగేవాడు, టైర్లకు చెక్కలు పెట్టేవాడు, బండి వెనక్కి వస్తుంటే ఈల వేసేవాడు కాబట్టి క్లీనరు కూడా అతనేనని ఇద్దరు సాక్షులు చెప్పారు. ఐఎంటీ 47 మినహాయింపు ఈ ప్రత్యేక ప్రీమియాన్ని మింగేయలేదని కోర్టు అంగీకరించింది. ఆ వంద రూపాయలే లేకపోతే ఈ కేసు ఇంకో విధంగా ముగిసేది.

ఈ దారి పట్టే ముందు చూసుకోవలసి వచ్చింది ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా పథకం. కార్మికుడు ఈఎస్ఐ పరిధిలో ఉంటే, అప్పటి ఈఎస్ఐ చట్టం సెక్షన్ 53 ప్రకారం పరిహార చట్టం కింద అడగడానికి వీలుండేది కాదు. ఇక్కడ యజమాని దగ్గర పనివాళ్లు ఏడుగురే కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. మా కక్షిదారు తన ఉద్యోగి కాడన్న యజమాని వాదనను, నెలనెలా అతని నంబరు నుంచి ఫోన్‌పేలో జమైన డబ్బు పట్టిక తేల్చేసింది. పరిహార చట్టం సెక్షన్ 12 కింద సివిల్ కాంట్రాక్టరునూ, బిల్డరునూ కూడా ప్రతివాదులుగా చేర్చాం. అదే చట్టం సెక్షన్ 21 ప్రకారం బాధితుడు నివసించే చోట, అంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ కేసు వేసే వీలుండేది, కాని సాక్షులు, ఆసుపత్రి, బండి అన్నీ ఇక్కడే ఉన్నందున బెంగళూరులోనే వేశాం.

మిగిలింది, సంపాదన శక్తి ఎంత శాతం పోయిందన్న లెక్క. చెయ్యి పోయిన గాయాలకు పరిహార చట్టం షెడ్యూలులో సెంటీమీటర్ల లెక్కన శాతాలు ఉండేవి. భుజం కొన నుంచి 20.32 సెంటీమీటర్ల దగ్గర మొదలై మోచేతి కొనకు 11.43 సెంటీమీటర్ల దిగువ లోపు వరకు ఎక్కడ తీసినా 70 శాతం. ఒకప్పుడు 8 అంగుళాలు, నాలుగున్నర అంగుళాలు అని రాసినవాటిని మార్చడం వల్ల అంకెలు ఇలా ఉన్నాయి. మా కక్షిదారుకు మిగిలిన భాగం భుజం కొన నుంచి 23 సెంటీమీటర్లు. అంటే 70 శాతం, 13,10,274 రూపాయలు. ఎదుటిపక్షం అక్కడే ఆగమంది.

మేము 1976లో ప్రచురితమైన ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు మీద ఆధారపడ్డాం. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి ఆ పని ఇక చేయలేడు గనుక, అతని సంపాదన శక్తి నూరు శాతం పోయినట్టేనని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదో తరగతి వరకు చదివి, బరువులు మోయడం, పైపులు బిగించడం తప్ప వేరే పని ఎరగని మనిషికి కుడి చెయ్యి పోతే మిగిలే 30 శాతం ఎక్కడ అమ్ముడవుతుంది? నూరు శాతమని తేలడం వల్ల డబ్బుతో పాటు ఇంకొక మేలు కలిగింది. భద్రతా ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించాడన్న మినహాయింపు, పరిహార చట్టం సెక్షన్ 3 ప్రకారం, మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ వర్తించేది కాదు. అంటే చెయ్యి ఎందుకు పెట్టావన్న వాదన అక్కడితో కూలిపోయింది. ఒకవేళ కోర్టు 70 శాతం దగ్గరే ఆగితే అన్న ముందుజాగ్రత్తతో, హాపరు మీది హెచ్చరిక స్టిక్కరు ఇంగ్లిషులో ఉందని, తెలుగు తప్ప చదవలేని మనిషికి అది ఇచ్చిన ఆదేశం కాదని కూడా వాదించి ఉంచాం.

2024లో వచ్చిన తీర్పులో 18,71,820 రూపాయలు, ప్రమాదం జరిగిన నెల తర్వాత నుంచి 12 శాతం సాధారణ వడ్డీ, సెక్షన్ 4(2ఎ) కింద కుటుంబం పెట్టిన వైద్య ఖర్చులు మంజూరయ్యాయి. వడ్డీయే ఏడాదికి 2,24,000 దాటుతుంది. సెక్షన్ 4ఎ కింద యాభై శాతం దాకా వేయగల జరిమానా మాత్రం రాలేదు. దానికి యజమానికి వేరుగా కారణం చూపే అవకాశం ఇవ్వాలి, నేను ఆ దరఖాస్తును సకాలంలో వేయలేదు. జరిమానాను ఇన్సూరెన్స్ కంపెనీ మోయనక్కర్లేదని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, వచ్చి ఉన్నా అది ఫైనాన్సులో ఉన్న ఆ యజమాని మీదే పడేది. అయినా అడగవలసింది అడగకపోవడం నా పొరపాటే. ఆ తర్వాతి కేసులన్నిటిలో ఆ దరఖాస్తును క్లెయిముతో పాటే వేస్తున్నాను.

ఇన్సూరెన్స్ కంపెనీ అప్పీలుకు వెళ్లకుండా మొత్తం జమచేసింది. అందులో సగాన్ని కోర్టు ఆయన పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించింది. మిగతా సగం కోసం బ్యాంకుకు వెళ్తే, ఖాతా తెరిచినప్పుడు కుడి చేత్తో పెట్టిన సంతకంతో ఇప్పటిది కలవడం లేదని వెనక్కి పంపారు. కోర్టు ఉత్తర్వు నకలు, వైకల్య ధ్రువపత్రం, నేను రాసిన లేఖ తీసుకుని నేనే ఆయనతో కలిసి వెళ్లాను. కొత్త నమూనా సంతకం కార్డులో మూడు గడులున్నాయి. ఇంట్లో కూతురి నోటు పుస్తకం మీద నెలల తరబడి సాధన చేశానని చెప్పి, ఆయన కార్డును మిగిలిన కుడి చేతి భాగంతో అదిమిపెట్టబోయారు, అది జారింది. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి లేచి వచ్చి, కార్డు రెండు మూలలూ వేళ్లతో పట్టుకుని నిలబడింది. ఆయన మూడు గడులలోనూ తన పేరును తెలుగులో నింపాదిగా రాశారు.